క్యాన్సర్‌తో ఉన్నవాళ్లకు తిండి, వ్యాయామం, కోలుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నల్లో సగం రోగులు అడిగేవి కావు, పక్క కుర్చీలో కూర్చున్నవాళ్లు అడిగేవి. అందుకే కొన్ని జవాబులు రోగికి, కొన్ని ఇంట్లోవాళ్లకు చెబుతున్నట్టుగా ఉంటాయి. మీ రిపోర్టులు చూసిన డాక్టర్ ఇంకోలా చెబితే ఆ మాటే వినండి.

చికిత్స నడుస్తోంది కదా, పనిచేసేది మందులే. తిండి గురించి ఇంత టెన్షన్ ఎందుకు?

మందు పనిచేయాలంటే దాన్ని తట్టుకునే ఒళ్లు ఉండాలి. బరువు, ముఖ్యంగా కండ బాగా తగ్గినవాళ్లను కీమో దుష్ప్రభావాలు ఎక్కువగా బాధిస్తాయి. డోసు తగ్గించాల్సి వస్తుంది, తర్వాతి సైకిల్ వాయిదా పడుతుంది. సర్జరీ అయినవాళ్లకు గాయం మానడం ఆలస్యమవుతుంది, ఇన్ఫెక్షన్లు తేలిగ్గా వస్తాయి. తిండి క్యాన్సర్‌ను నయం చేయదు. కానీ నయం చేసే చికిత్స మధ్యలో ఆగిపోకుండా చూస్తుంది. నేను చూసినంతలో ఎక్కువమంది చేసే పొరపాటు ఒక్కటే. చికిత్స అయ్యాక బలం తెచ్చుకోవచ్చులే అనుకుంటారు. పోయిన కండ తిరిగి రావడం చాలా కష్టం, పోకుండా కాపాడుకోవడం అంతకంటే తేలిక.

ఎంత బరువు తగ్గితే ఆందోళన పడాలి?

ప్రయత్నించకుండానే 6 నెలల్లో 5 శాతానికి మించి తగ్గితే. అంటే 60 కిలోలు ఉన్న మనిషి 57 కంటే కిందికి దిగితే తేలిగ్గా తీసుకోకూడదు. ముందే సన్నగా, బీఎంఐ (ఎత్తుతో పోల్చిన బరువు కొలత) 20 కంటే తక్కువ ఉన్నవాళ్లకైతే 2 శాతం దాటినా లెక్కే. క్యాన్సర్ వల్ల ఒళ్లు కరిగిపోయే ఈ స్థితిని వైద్యులు క్యాకెక్సియా అంటారు. పై కొలతలు 2011లో అంతర్జాతీయ నిపుణులు కలిసి ఖాయం చేసినవి.

తూకం రెండు విధాలుగా మోసం చేస్తుంది. లావుగా ఉన్నవాళ్లలో కండ కరిగిపోతున్నా బయటికి తెలియదు, పైగా "కొంచెం తగ్గితే మంచిదేలే" అని అందరూ సంతోషిస్తారు. పొట్టలోనో కాళ్లలోనో నీరు చేరితే, మనిషి చిక్కిపోతున్నా ముల్లు కదలదు. అందుకే బరువుతో పాటు ఇవీ గమనించండి: కుర్చీలోంచి చేతుల ఊతం లేకుండా లేవగలుగుతున్నారా, మెట్లు ఎక్కగలుగుతున్నారా, ఉంగరం వదులైందా. వారానికి ఒకసారి, ఒకే మిషన్ మీద, పొద్దున్నే ఏమీ తినకముందు తూచి రాసిపెట్టుకోండి. రోజూ తూచి దిగులు పడొద్దు.

బాగానే తింటున్నారు. అయినా చిక్కిపోతున్నారేంటి?

మామూలు పస్తుకీ దీనికీ తేడా ఉంది. పస్తుంటే శరీరం ముందు కొవ్వును ఖర్చుపెట్టి, కండను వీలైనంత దాచుకుంటుంది. క్యాన్సర్‌లో కణితి వల్ల, దానితో శరీరం చేసే పోరాటం వల్ల లోపల ఒక వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్) నడుస్తూ ఉంటుంది. అది ఆకలిని చంపేస్తుంది, కండలోని ప్రోటీన్‌ను విరగ్గొడుతుంది. అందుకే ఉత్త కేలరీలు ఎక్కించినంత మాత్రాన పోయిన కండ రాదు. తగినంత ప్రోటీన్, కండరాలకు కాస్త పని, అసలు జబ్బుకు చికిత్స, ఈ మూడూ కలిసి నడవాలి.

ఇంకో కారణం కూడా ఉండొచ్చు, ఇది చాలామంది దృష్టికి రాదు. తిన్నది ఒంటికి పట్టకపోవడం. పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్‌లో, ఆ సర్జరీ తర్వాత, మలం జిడ్డుగా, పాలిపోయి, నీళ్లలో తేలుతూ, విపరీతమైన వాసనతో ఉంటే కొవ్వు అరగడం లేదని అర్థం. దానికి ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉన్నాయి. వాటిని తిండితో పాటే వేసుకోవాలి, తిన్న గంటకు వేసుకుంటే ఉపయోగం లేదు.

రోజుకు ఎంత తినాలి? ఒక లెక్క చెప్పండి.

ఐరోపా క్లినికల్ న్యూట్రిషన్ సంఘం ఎస్పెన్ సూచన ప్రకారం కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, ప్రోటీన్ 1 గ్రాముకు పైగా, వీలైతే 1.5 గ్రాముల దాకా. 60 కిలోల మనిషికి 1,500 నుంచి 1,800 కేలరీలు, 60 నుంచి 90 గ్రాముల ప్రోటీన్ అన్నమాట. కేలరీలు ఎలాగోలా వస్తాయి. ప్రోటీన్ దగ్గరే లెక్క తప్పుతుంది. ఒక గుడ్డులో సుమారు 6 గ్రాములు, గ్లాసు పాలలో 7 లేదా 8, వంద గ్రాముల ఉడికిన చికెన్‌లో 25 పైన ఉంటాయి. మొత్తం ఒకే పూట కాకుండా పూటపూటకూ కొంత పడేలా చూడండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ లెక్క మారుతుంది, డాక్టర్‌ను అడగాలి.

ఒక హెచ్చరిక. వారం రోజులుగా దాదాపు ఏమీ తినని మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెట్టకూడదు. రక్తంలో ఫాస్ఫేట్, పొటాషియం ఉన్నట్టుండి పడిపోయి గుండెకు ప్రమాదం రావచ్చు. ఆసుపత్రిలో రక్తపరీక్షలు చేస్తూ మెల్లగా పెంచుతారు.

చక్కెర మానేస్తే క్యాన్సర్ కణాలు ఆకలితో చచ్చిపోతాయంటున్నారు, నిజమేనా?

కాదు. ఈ మాటకు మూలం 1920లలో ఓటో వార్‌బర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త గమనించిన ఒక నిజం: క్యాన్సర్ కణాలు గ్లూకోజ్‌ను మామూలు కణాల కంటే ఎక్కువగా లాక్కుంటాయి. ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్ పనిచేసేది కూడా ఈ ఆధారం మీదే. అయితే మెదడు, ఎర్ర రక్తకణాలు కూడా గ్లూకోజ్ మీదే బతుకుతాయి. మీరు తీపి మానేసినా, కార్బోహైడ్రేట్లు పూర్తిగా ఆపేసినా, కాలేయం గ్లూకోజ్ తయారుచేస్తూనే ఉంటుంది. తిండి చాలకపోతే దానికి ముడిసరుకు మీ కండే. కణితిని పస్తు పెట్టబోయి మనిషిని పస్తు పెట్టినట్టవుతుంది.

షుగర్ జబ్బు ఉన్నవాళ్ల సంగతి వేరు. కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ల వల్ల షుగర్ పెరగొచ్చు, అది అదుపులో ఉండాలి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు తీపి పానీయాలు తగ్గించుకోవడం మంచిదే, ఆ కారణాలు వేరే. కానీ వారంలో రెండు కిలోలు తగ్గిన మనిషి చేతిలోంచి ఐస్‌క్రీమ్ లాక్కోకండి.

అసలు ఆకలే లేదు. ముద్ద నోట్లో పెట్టుకోబుద్ధి కావడం లేదు.

ఆకలి కోసం ఎదురుచూడకండి, అది రాకపోవచ్చు. మందు వేసుకున్నట్టే గడియారం చూసి, రెండు రెండున్నర గంటలకోసారి కొంచెం తినండి. నిండు కంచం చూస్తేనే భయమేస్తుంది, చిన్న గిన్నెలో పెట్టండి. చాలామందికి పొద్దున్న పూట కొంత ఆకలి ఉంటుంది, ప్రోటీన్ ఉన్నవి ఆ పూటే పెట్టేయండి. తినేటప్పుడు నీళ్లతో కడుపు నింపుకోవద్దు, తిండికీ తిండికీ మధ్య తాగండి. తాగేదేదో పాలో, సూపో, స్మూతీయో అయితే దాహమూ తీరుతుంది, బలమూ వస్తుంది. కొన్నాళ్ల పాటు నూనె, వెన్న, గింజల పొడి మీ నేస్తాలు. వెన్న తీసిన పాల జోలికి వెళ్లకండి.

తినడానికి ముందు పది నిమిషాలు నడిస్తే ఆకలి కొంత తెలుస్తుంది. నొప్పి, మలబద్ధకం, దిగులు కూడా ఆకలిని చంపేస్తాయి, వాటికి మందులున్నాయి. ఆకలి పెంచే మందులూ ఉన్నాయి, కానీ మెజెస్ట్రాల్ లాంటి వాటితో రక్తం గడ్డకట్టే ముప్పు ఉంటుంది. తెలిసినవాళ్లు వాడారని కొని వేసుకోవద్దు.

ఏం తిన్నా ఇనుప రుచి. నోరంతా పుండ్లు.

లోహపు రుచి వస్తుంటే స్టీల్ చెంచా పక్కనపెట్టి చెక్కదో ప్లాస్టిక్‌దో వాడండి. మాంసం వాసన పడకపోతే గుడ్డు, పాలు, పప్పుగింజలు ఉన్నాయి. వేడి వేడిగా ఉన్నదానికి వాసన ఎక్కువ, చల్లారాక తింటే వికారం తగ్గుతుంది.

పుండ్లకు కారం, పులుపు, కరకరలాడేవి ఆపి మెత్తగా, జారుగా ఉన్నవి తీసుకోండి. కప్పు గోరువెచ్చని నీళ్లలో పావు చెంచా వంటసోడా, అందులో సగం ఉప్పు కలిపి రోజుకు నాలుగైదు సార్లు పుక్కిలించండి. ఆల్కహాల్ ఉన్న మౌత్‌వాష్ వద్దు, మండుతుంది. 5-ఎఫ్‌యూ అనే కీమో ఇంజెక్షన్ ఒకేసారి ఎక్కించేటప్పుడు ఐస్ ముక్కలు చప్పరిస్తే పుండ్లు తగ్గుతాయని రుజువైంది. కానీ ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు తీసుకుంటున్నవాళ్లు చల్లటివి ముట్టకూడదు, గొంతు పట్టేసినట్టయి హడలిపోతారు. ఒకరికి మేలు చేసిన చిట్కా ఇంకొకరికి చేటు కావడమంటే ఇదే.

నీళ్లు కూడా మింగలేకపోతే ఇంటి చిట్కాలతో ఆగకండి. తినే ముందు నోటిని మొద్దుబార్చే జెల్ ఇస్తారు, బలమైన నొప్పి మందులూ ఇస్తారు.

వాంతులు, విరేచనాలు, మలబద్ధకం?

వాంతుల మందు వాంతి అయ్యాక కాదు, రాకముందే వేసుకోవాలి. ఇచ్చిన మందు చాలకపోతే చెప్పండి, ఇంకో రకం ఉంటుంది. ఒంట్లో బాగోలేని రోజు మీకు బాగా ఇష్టమైనది తినకండి, ఆ వంటకం మీద శాశ్వతంగా విరక్తి పుట్టే ప్రమాదముంది. మలబద్ధకం చాలాసార్లు జబ్బు వల్ల కాదు, మార్ఫిన్ లాంటి నొప్పి మందుల వల్ల, ఆన్‌డాన్‌సెట్రాన్ లాంటి వాంతుల మందుల వల్ల వస్తుంది. విరేచనాలు ఒక రోజుకు మించి ఆగకపోతే ఫోన్ చేయండి.

తెల్ల రక్తకణాలు తగ్గాయి. పచ్చి పండ్లు, కూరగాయలు పూర్తిగా మానాలా?

ఒకప్పుడు అన్నీ ఉడికించే పెట్టాలనేవారు. అలాంటి కఠిన పథ్యంతో ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు, తిండి మాత్రం తగ్గింది. అందుకే ఇప్పుడు చాలాచోట్ల పథ్యం కంటే శుభ్రతకే పట్టుబడుతున్నారు. చేతులు కడుక్కోవడం, పండ్లను పారే నీళ్లలో కడగడం, పచ్చి మాంసానికి వేరే పలక వాడటం, వండినది రెండు గంటల్లో ఫ్రిజ్‌లో పెట్టడం, మళ్లీ తినేటప్పుడు పొగలు కక్కేలా వేడిచేయడం. సగం ఉడికిన గుడ్డు, పచ్చి చేప, కాచని పాలు మాత్రం వద్దు. ఎముక మూలుగ మార్పిడి చేయించుకున్నవాళ్లు తమ యూనిట్ నియమాలు పాటించాలి. జ్వరం 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారన్‌హీట్ తాకితే తెల్లారేదాకా ఆగొద్దు, ఏ వేళైనా ఆసుపత్రికే.

విటమిన్ మాత్రలు, మూలికలు వేసుకుంటే తప్పేంటి? సహజమైనవే కదా?

సహజమైనది కాబట్టి హాని చేయదన్న మాటతో నాకు పేచీ ఉంది. కీమో మందుల్లో ప్యాక్లిటాక్సెల్ చెట్టు బెరడులో దొరికిందే. ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద చేసిన పరిశోధనలో, బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. 1994లో ఆ ఫలితం బయటపడినప్పుడు అందరూ నివ్వెరపోయారు. క్యారెట్ తింటే ఏ ఇబ్బందీ లేదు, మాత్రతోనే.

మందులతో తగాదా పడేవి ఇంకా ఉన్నాయి. కేప్‌సైటబిన్ అనే కీమో మాత్ర వాడుతూ ఫోలిక్ యాసిడ్ మాత్రలు వేసుకుంటే మందు విషతుల్యం కావచ్చు. సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఇమాటినిబ్, ఇరినోటెకాన్ అనే క్యాన్సర్ మందుల పనిని తగ్గిస్తుంది. గ్రీన్ టీ సారం మరో క్యాన్సర్ మందు బోర్టెజోమిబ్‌ను అడ్డుకుంటుంది. గ్రేప్‌ఫ్రూట్ చాలా మాత్రల మోతాదును రక్తంలో పెంచేస్తుంది. రక్తపరీక్షలో లోపం కనబడితే డాక్టర్ ఇచ్చే విటమిన్ డి, బి12, ఐరన్ వేరు, అవి వేసుకోవాలి. దేనినైనా రహస్యంగా మాత్రం వాడకండి. డాక్టర్ కోప్పడతారని దాచేవాళ్లు చాలామంది.

మందును ఎప్పుడు మింగుతున్నారో కూడా చూసుకోండి. కేప్‌సైటబిన్ తిన్న అరగంటలోపు వేసుకోవాలి. ప్రోస్టేట్ క్యాన్సర్ మందు అబిరాటెరోన్‌ను సాధారణంగా ఖాళీ కడుపుతోనే వేసుకోవాలి.

ఆల్కలైన్ డైట్, ఉపవాసం, ఉత్త జ్యూసులు?

ఆల్కలైన్ డైట్ అంటే తిండితో రక్తంలో ఆమ్లత్వం తగ్గించాలనే పథ్యం. కానీ రక్తం పీహెచ్ (ఆమ్లత్వం కొలత) 7.35కు, 7.45కు మధ్యే ఉంటుంది, ఏం తిన్నా శరీరం దాన్ని అక్కడే పట్టి ఉంచుతుంది. ఉపవాసం మీద పరిశోధనలు నడుస్తున్నాయి, బరువు తగ్గుతున్నవాళ్లకు మాత్రం అది ప్రమాదమే. జ్యూసులో ప్రోటీన్ ఉండదు.

సోయా తినొచ్చా? రొమ్ము క్యాన్సర్ అండీ.

ఆహారంగా మితంగా తినొచ్చు. సోయా సారంతో చేసిన మాత్రలు వద్దు.

ట్యూబ్ వేయాలన్నారు. అంటే ఆఖరి దశేనా?

కాదు. ఈ భయం వల్లే చాలామంది బాగా నీరసించాక ఒప్పుకుంటారు. నోరు, గొంతు మీద రేడియేషన్ తీసుకునేవాళ్లకు ట్యూబ్ ఒక వంతెన లాంటిది, మింగగలిగాక తీసేస్తారు. తక్కువ రోజులైతే ముక్కులోంచి సన్నటి గొట్టం వేస్తారు, నాలుగు వారాలు దాటుతుందనుకుంటే నేరుగా పొట్టలోకి పెగ్ అనే గొట్టం పెడతారు. పేగు పనిచేస్తుంటే సెలైన్‌లా రక్తనాళంలోకి ఎక్కించడం కంటే పేగు ద్వారా ఇవ్వడమే మేలు. ట్యూబ్ ఉన్నా, డాక్టర్ వద్దనకపోతే కొంచెం కొంచెం మింగుతూ ఉండాలి. మింగే కండరాలను వాడకపోతే అవి పని మరిచిపోతాయి.

పునరావాసం అంటే ఏమిటి?

ఆ మాట వినగానే ఇళ్లు కోల్పోయినవాళ్లు గుర్తొస్తారు, ఇక్కడ కోల్పోయింది ఒంట్లోని శక్తిని. దాన్ని తిరిగి తెచ్చుకోవడం, తిరిగి రానిదాని చుట్టూ కొత్త అలవాట్లు కుదుర్చుకోవడం. 1969లో హెర్బర్ట్ డైట్జ్ అనే అమెరికా వైద్యుడు దీన్ని నాలుగు రకాలుగా చూశారు: నష్టం జరగకముందే అడ్డుకోవడం, జరిగినదాన్ని సరిచేయడం, మిగిలిన లోపంతో సర్దుకునేలా ఆసరా ఇవ్వడం, జబ్బు ముదిరినప్పుడు హాయిగా ఉంచడం. కాబట్టి "ఇక చికిత్స లేదు" అని డాక్టర్లు చెప్పేసిన మనిషికీ ఇందులో చోటుంది. మంచం దిగి ఎవరి సాయం లేకుండా బాత్రూమ్‌కు వెళ్లగలగడం చిన్న లక్ష్యమేమీ కాదు.

ఇందులో డైటీషియన్, ఫిజియోథెరపిస్ట్, రోజువారీ పనులు నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్ట్, మాట, మింగడం చూసే స్పీచ్ థెరపిస్ట్, మనసు బాగోగులు చూసే కౌన్సెలర్ ఉంటారు. అందరూ అవసరం కాకపోవచ్చు. సర్జరీకి ముందే ఊపిరి వ్యాయామాలు, నడక, ప్రోటీన్‌తో ఒంటిని సిద్ధం చేసే పద్ధతీ ఉంది. సర్జరీకి రెండు మూడు వారాల గడువు ఉంటే దాన్ని ఊరికే పోనివ్వకండి.

లేచి కూర్చోవడానికే ఓపిక లేదు. వ్యాయామం చేయమంటారేంటి?

నిజమే, వినడానికి అన్యాయంగా ఉంటుంది. కానీ క్యాన్సర్ అలసట మామూలు అలసట కాదు. పది గంటలు పడుకున్నా తీరదు, పడుకున్నకొద్దీ కండ తగ్గి ఇంకా పెరుగుతుంది. దానికి ఇప్పటిదాకా తెలిసిన వాటిలో బాగా పనిచేసేది ఒంటిని మెల్లగా కదపడమే. 2019లో అమెరికన్ కాలేజ్ ఆఫ్ స్పోర్ట్స్ మెడిసిన్ పిలిచిన నిపుణులు చెప్పినది ఇది: వారానికి మూడు రోజులు 30 నిమిషాల నడకలాంటిది, రెండు రోజులు కండరాలకు బరువు పని. దీంతో అలసట, ఆందోళన, దిగులు తగ్గుతాయి.

ఆ 30 నిమిషాలు గమ్యం, మొదటి రోజు పని కాదు. మొదట మంచం మీదే కాళ్లు చాచి మడవండి. తర్వాత కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోండి. తర్వాత గది చివరిదాకా, ఆ పైన ఐదు నిమిషాలు. మాట్లాడుతూ నడవగలిగితే వేగం సరిపోయినట్టు. బాగున్న రోజు పనులన్నీ ఒకేసారి చేసేసి, తర్వాత రెండు రోజులు మంచాన పడటం చాలామంది చేసే పనే. బాగున్న రోజు కూడా కొంచెం మిగుల్చుకోండి.

అన్ని అలసటలూ ఒకటి కావు. రక్తహీనత, థైరాయిడ్, నిద్రలేమి, డిప్రెషన్ ఉంటే ముందు వాటిని చూడాలి.

ఎప్పుడు వ్యాయామం చేయకూడదు?

జ్వరం, ఛాతీలో నొప్పి, కొత్తగా ఆయాసం, ఒక కాలే వాచి నొప్పి పుట్టడం ఉంటే ఆపి డాక్టర్‌కు చెప్పాలి. ప్లేట్‌లెట్లు బాగా తగ్గినప్పుడు, ఎముకలకు జబ్బు పాకినప్పుడు ఏది చేయొచ్చో ఫిజియోథెరపిస్ట్ చెప్పాలి. ఎముకలకు పాకితే గెంతడం, నడుము మెలితిప్పడం వద్దు, కానీ పూర్తిగా కదలకుండా ఉండటమూ మంచిది కాదు. వెన్నునొప్పితో పాటు కాళ్లలో బలం తగ్గినా, మూత్రం మీద అదుపు తప్పినా అది అత్యవసరం, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

రొమ్ము సర్జరీ అయింది. ఆ చేత్తో బరువు ఎత్తితే వాపు వస్తుందా?

ఏళ్ల తరబడి అలాగే చెప్పారు, చేతిని అపురూపంగా దాచుకోమన్నారు. 2009లో వెలువడిన ఒక పరిశోధనలో, అప్పటికే చెయ్యి వాచిన 141 మంది మహిళలను తీసుకున్నారు. పర్యవేక్షణలో మెల్లగా బరువులు పెంచుతూ వెళ్లినవాళ్లకు వాపు పెరగలేదు, పైగా వాపు ఉధృతం కావడం తగ్గింది. కాబట్టి ఎత్తండి, తక్కువతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచండి. ఆ చేతికి గీతలు, కాలిన గాయాలు కాకుండా చూసుకోండి. ఎర్రబడి వేడెక్కి జ్వరం వస్తే ఇన్ఫెక్షన్ కావచ్చు. భుజం పట్టేయకుండా చేసే వ్యాయామాలు సర్జరీ అయిన కొద్ది రోజుల్లోనే మొదలవుతాయి, ఎప్పుడన్నది సర్జన్‌ను అడగండి.

నోరు పూర్తిగా తెరుచుకోవడం లేదు.

నోటికి, దవడకు రేడియేషన్ తర్వాత ఇది మామూలే. మూడు వేళ్లు నిలువుగా పేర్చి పళ్ల మధ్య పెట్టి చూసుకోండి. పట్టకపోతే థెరపిస్ట్‌ను కలవాలి. రేడియేషన్ అయిన కొన్ని నెలలకు కూడా బిగుసుకోవచ్చు, అందుకే దవడ వ్యాయామాలను రేడియేషన్ ముగిసిన రోజున ఆపకూడదు. తింటుంటే దగ్గు, తిన్నాక గొంతులో గురగుర, మాటిమాటికీ ఛాతీ ఇన్ఫెక్షన్ ఉంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో పరీక్ష చేయించాలి.

కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు. ఇవీ కీమో వల్లేనా?

కావచ్చు. తిమ్మిర్ల వల్ల పడిపోవడమే పెద్ద ప్రమాదం. జారని చెప్పులు, రాత్రి లైటు, ఒంటికాలి మీద నిలబడే సాధన ఏదైనా పట్టుకుని చేయండి. మతిమరుపుకు కాగితం, పెన్ను, ఒకసారికి ఒకే పని.

చికిత్స అయిపోయింది. మళ్లీ రాకుండా ఏం తినాలి?

గ్యారంటీ ఇచ్చే తిండి లేదు. పొగాకు, మద్యం మానడం, బరువు అదుపులో పెట్టుకోవడం, కూరగాయలు, పప్పుగింజలు, ముడి ధాన్యాలు పెంచి ప్రాసెస్ చేసిన మాంసం తగ్గించడం, ఇవే. హార్మోన్ చికిత్సలో ఉన్నవాళ్లకు బరువు పెరగడం, ఎముకలు గుల్లబారడం అసలు సమస్యలు. వాళ్లకు "బాగా తినండి" అనే పాత సలహా ఇక పనికిరాదు.

వ్యాయామం విషయంలో మాత్రం 2025లో గట్టి ఆధారం దొరికింది. పెద్దపేగు క్యాన్సర్‌కు సర్జరీ, కీమో పూర్తయిన 889 మందిలో సగం మందికి మూడేళ్ల పాటు శిక్షకులతో వ్యాయామం చేయించారు, మిగతావాళ్లకు సమాచార పుస్తకాలిచ్చారు. 8 ఏళ్ల తర్వాత బతికున్నవాళ్లు మొదటి వర్గంలో 90.3 శాతం, రెండో వర్గంలో 83.2 శాతం. ఆ ఫలితం పెద్దపేగు క్యాన్సర్‌కే. అయినా ఒక మందు ఇంత తేడా చూపిస్తే ఎంత హడావుడి జరిగేదో ఊహించుకోండి.

జబ్బు ముదిరింది. ఇక తినడం లేదు. బలవంతంగానైనా పెట్టాలా?

వద్దు. చివరి రోజుల్లో తినకపోవడం వల్ల మనిషి వెళ్లిపోవడం లేదు, వెళ్లిపోతున్నారు కాబట్టే ఒళ్లు తిండి అడగడం లేదు. అప్పుడు చాలామందికి ఆకలి బాధ ఉండదు. బలవంతంగా పెడితే పొలమారుతుంది, వాంతవుతుంది, పైగా "మీకోసమైనా తినలేకపోతున్నానే" అన్న అపరాధ భావం మిగులుతుంది. అడిగితే రెండు చెంచాలు ఇవ్వండి. పెదాలు తడపండి, నోరు శుభ్రంగా ఉంచండి. వంట చేసి పెట్టడమే ప్రేమ చూపించే దారి అయిన ఇంట్లో ఈ మాట మింగుడుపడదని తెలుసు. కాళ్లు పట్టడం, పక్కన కూర్చోవడం కూడా అలాంటిదే.

డైటీషియన్‌ను కలవడానికి వెళ్లేటప్పుడు ఏం తీసుకెళ్లాలి?

మూడు రోజుల పాటు తిన్నదీ తాగినదీ, వదిలేసినదీ రాసిన కాగితం. బరువుల లెక్క. వాడుతున్న మందులన్నీ, దాచిపెట్టిన మూలికల సీసాతో సహా. ఇంట్లో వంట చేసేవాళ్లను కూడా వెంట తీసుకెళ్లండి.